పౌర సంబంధాల్లో పౌరులెవరు?

ప్రభుత్వం 'పౌర సంబంధాలు' అంటుంది. కంపెనీలు 'ప్రజా సంబంధాలు' అంటాయి. సినిమా వాళ్లు 'పీఆర్వో' అని ఊరుకుంటారు. పేరేదైనా పని ఒకటే. ఒక సంస్థ తన గురించి, తనకు అవసరమైన మనుషులకు, తనకు లాభం కలిగే తీరులో చెప్పుకోవడం. ఇందులో తప్పు పట్టాల్సింది ఏముందని ఎవరైనా అడగొచ్చు. సంతలో కూరగాయలమ్మే అవ్వ కూడా తన వంకాయల గురించి గొంతెత్తి చెప్పుకుంటది గదా. మేం ఆ గొంతు గురించి మాట్లాడటం లేదు. జీతాలిచ్చి, బడ్జెట్లు పెట్టి, సర్వేలు చేసి, ఎవరికి ఏం చెప్పాలో, ఎవరికి ఏం చెప్పకూడదో తేల్చే ఒక వృత్తి గురించి మాట్లాడుతున్నాం. 'పౌర' అనే మాట 'పురం' నుంచి పుట్టింది. పురంలో ఉండేవాడు పౌరుడు. మరి ఊరి చివర వెలివాడలో, నగరంలో నాలా ఒడ్డు బస్తీలో ఉండేవాడు ఈ సంబంధాల్లో ఎక్కడుంటాడు? ఈ వ్యాసంలో మేం అడుగుతున్న ప్రశ్న ఇదే.

ఈ వృత్తిలో బాగా చలామణిలో ఉన్న సూత్రం ఒకటుంది. దర్జీ మనిషి కొలతల్ని బట్టి బట్ట కత్తిరించినట్టు, సందేశాన్ని పరిశ్రమను బట్టి కత్తిరించాలి. ఐటీకి ఒక భాష, మందుల కంపెనీకి ఒక భాష, తోలుకు ఒకటి, పొగాకుకు ఒకటి. 'ఎదుగుతున్న మార్కెట్ల'లో ఇది మరీ అవసరమని పాఠాలు చెబుతారు. సూత్రం పైకి న్యాయంగానే కనబడుతుంది. అయితే మేం రాంనగర్‌లో కూర్చుని, ముందు చుట్టుపక్కల ఉన్న పరిశ్రమల్ని, ఆ తర్వాత నగరం అవతలి కొసన ఉన్నవాటిని ఈ సూత్రం పక్కన పెట్టి చూశాం. తేలిందేమంటే, బట్ట మారుతున్నది గాని కొలత తీసే మనిషి మారడం లేదు. పెట్టుబడి పెట్టేవాడు, సరుకు కొనేవాడు, అనుమతి ఇచ్చేవాడు, ఈ ముగ్గురి కొలతలే తీస్తున్నారు. దళితుడు ప్రతి పరిశ్రమలోనూ ఉన్నాడు. కూలీగా ఉన్నాడు, పోయిన భూమిగా ఉన్నాడు, ర్యాంకుగా ఉన్నాడు, వాసనగా ఉన్నాడు. వినేవాడిగా, తిరిగి అడిగేవాడిగా మాత్రం ఎక్కడా లేడు.

పేరు పెట్టే అధికారం

ముందు 'ఎదుగుతున్న మార్కెట్' అనే పేరు సంగతే చూద్దాం. ఈ మాటను 1981లో ఆంటొయిన్ వాన్ అగ్ట్‌మేల్ అనే ఆయన పుట్టించాడు. అప్పటికి ఆయన ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్నాడు. పేద దేశాల షేర్లలో డబ్బు పెట్టే నిధి ఒకటి పెట్టాలనుకుని దానికి 'థర్డ్ వరల్డ్' అన్న పేరు అనుకున్నాడు. ఆ పేరుతో ఎవరూ డబ్బు పెట్టరని పెట్టుబడిదారులు తేల్చి చెప్పారు. అప్పుడు 'ఎమర్జింగ్ మార్కెట్స్' అయింది. దేశాలు అవే, ఆకలి అదే. కొనేవాడు ముఖం చిట్లించకుండా ఉండటానికి పేరు మారింది. అంటే మనల్ని ఏ మార్కెట్ అని పిలుస్తున్నారో ఆ పిలుపే ఒక ప్రజా సంబంధాల పని.

పేరు మార్పు దళితులకు కొత్త కాదు. 1933లో గాంధీ తన పత్రికకు 'హరిజన్' అని పేరు పెట్టాడు. అది చూసేవాడి మనసు మెత్తబడటానికి పెట్టిన పేరు. దానికి పదహారేళ్ల ముందే, 1917లో, బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ సభగా మొదలైంది ఆది ఆంధ్ర సభగా మారింది. అది ఉన్నవాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరు. అందులో ఈ నేల మీద మొదటి హక్కు మాది అన్న వాదన ఉంది. అమ్మేవాడు పెట్టే పేరుకూ, బతికేవాడు పెట్టుకునే పేరుకూ ఉన్న తేడా ఇది. ప్రజా సంబంధాల పాఠాల్లో ఈ తేడాకు చోటు లేదు.

రాంనగర్ చుట్టూ మూడు కొలతలు

రాంనగర్‌కు ఆనుకునే అజామాబాద్ పారిశ్రామిక ప్రాంతం. నిజాం కాలం నాటిది. వజీర్ సుల్తాన్ పేరు మీద 1930లో నమోదైన పొగాకు కంపెనీ ఇక్కడిది. చార్మినార్ సిగరెట్ ఈ కంపెనీదే. కంపెనీ పొడి అక్షరాలు వీఎస్టీ ఇప్పుడు బస్టాపు పేరు, చౌరస్తా పేరు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా కట్టిన ఉక్కు వంతెనను 2023 ఆగస్టులో తెరిచి, ఇదే కంపెనీలో కార్మిక నాయకుడిగా ఎదిగిన నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. ఒక సిగరెట్ కంపెనీ పేరు ఒక పేట పేరుగా మారిపోవడం కన్నా పెద్ద ప్రచారం ఏముంటుంది?

పొగాకు పరిశ్రమే ప్రజా సంబంధాల వృత్తికి పురుడు పోసిన వాటిల్లో ఒకటి. 1929లో ఎడ్వర్డ్ బెర్నేస్ న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపులో యువతుల చేత సిగరెట్లు వెలిగించి వాటిని స్వేచ్ఛకు కాగడాలన్నాడు. అక్కడ స్త్రీ విముక్తి అనే నిజమైన ఆకాంక్షను సిగరెట్‌కు తొడిగారు. మన దగ్గర బట్ట వేరు. 2003 చట్టం పొగాకు ప్రకటనల్ని నిషేధించింది. 2016 ఏప్రిల్ నుంచి పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ తప్పనిసరి అయింది. ఆ నెలలో పెద్ద సిగరెట్ కంపెనీలు కొన్నాళ్లు ఉత్పత్తే ఆపేశాయి. అప్పుడు ముందుకొచ్చిన వాదనల్లో ముఖ్యమైంది రైతుల, కార్మికుల బతుకుతెరువు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పొగాకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు, ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే ఆడవాళ్లు దళిత, వెనుకబడిన కులాల వాళ్లు. వాళ్ల కూలి రేటు పెంచమన్న రోజున ఈ గొంతు వినబడదు. పన్ను వేస్తామన్న రోజున వాళ్ల బతుకు గుర్తొస్తుంది. వాళ్ల గురించి మాట్లాడతారు, వాళ్లతో మాట్లాడరు. ఇది మొదటి కొలత: కార్మికుడు కవచం.

రాంనగర్ నుంచి ముషీరాబాద్ దాటితే భోలక్‌పూర్. పచ్చి తోళ్లను ఉప్పేసి నిలవచేసే గోదాములు, తుక్కు ప్లాస్టిక్ ఏరే కొట్లు, మధ్యలో ముస్లిం, దళిత పేద కుటుంబాల ఇరుకు ఇళ్లు. 2009 మేలో ఇక్కడ కలుషితమైన కుళాయి నీళ్లు తాగి పదిమందికి పైగా చనిపోయారు. తోళ్ల గోదాముల్ని నగరం బయటికి తరలించాలన్న మాట అప్పుడు గట్టిగా వినబడింది. మంచినీటి గొట్టం, మురుగు గొట్టం పక్కపక్కన ఎందుకు పోతున్నాయి అన్న ప్రశ్న కన్నా తోలు వాసన గురించిన ప్రశ్నే పైకొచ్చింది. మురికి ఎక్కడ కనబడితే అక్కడి మనుషుల్నే కారణం చేయడం మన సమాజానికి అలవాటైన తర్కం.

ఇదే తోలు యూరప్ దుకాణానికి పోయేసరికి దాని భాష మారిపోతుంది. 2005 నుంచి లెదర్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ టానరీలకు పర్యావరణ పరీక్ష పెట్టి బంగారు, వెండి, కంచు గుర్తులిస్తున్నది. పరీక్ష మంచిదే. అయితే ఆ గుర్తు చూసేది ఇటలీలోనో జర్మనీలోనో ఉన్న కొనుగోలుదారు. ఉప్పు నీళ్లలో కాళ్లు నానే మనిషి చేతికి ఆ కాగితం రాదు. 2025 జూన్‌లో ప్రాడా కంపెనీ మిలాన్ ప్రదర్శనలో కొల్హాపురి చెప్పుల లాంటివి చూపించి గొడవైనప్పుడు కూడా చూశాం. 'వారసత్వ చేతికళ' అన్న మాట అందరి నోటా వచ్చింది. ఆ చెప్పు కుట్టినందుకు అంటరానివాడైన కులం పేరు పలకడానికి నోళ్లు రాలేదు. కులం వల్ల వచ్చిన నైపుణ్యాన్ని వారసత్వం అంటారు, కులం వల్ల వచ్చిన అవమానాన్ని ఏమీ అనరు. 1973లో మన రాష్ట్రంలో లిడ్‌క్యాప్ పెట్టినప్పుడు చర్మకారుల్ని పరిశ్రమ యజమానుల్ని చేస్తామన్నారు. తోలు పరిశ్రమ తరఫున మాట్లాడే గొంతు ఆ సంస్థకు ఎన్నడూ రాలేదు. ఇది రెండో కొలత: మనిషిని మాయం చేసి సరుకును మెరిపించడం.

మూడోది అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ. ఇక్కడ పొగగొట్టాలు లేని పరిశ్రమ నడుస్తున్నది. గ్రూప్స్ కోచింగ్, ఐఐటీ కోచింగ్, స్టడీ హాళ్లు, హాస్టళ్లు. పల్లెల నుంచి వచ్చిన దళిత, బహుజన పిల్లలు సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటి నుంచి రాత్రి దాకా చదువుకుంటారు. ఈ పరిశ్రమకు సరుకూ ప్రచారమూ ఒకటే, ర్యాంకు. ఫలితాలొచ్చిన మర్నాడు పత్రిక మొదటి పేజీ నిండా ఒకట్లు, రెండ్లు, మూడ్లు. వాటిల్లో ఓపెన్ ర్యాంకు ఏదో, ఎస్సీ, ఎస్టీ, బీసీ కేటగిరీ ర్యాంకు ఏదో తెలియకుండా పేర్చడం, తెలిపినా చీమ తలకాయంత అక్షరాల్లో తెలపడం పత్రిక చదివేవాళ్లందరూ ఎరిగిన సంగతే.

దీన్ని మోసపు ప్రకటన అని మాత్రమే చూస్తే అసలు విషయం జారిపోతుంది. 1986లో ఇక్కడ మురళీధరరావు కమిషన్ సిఫార్సుల అమలు మీద, 1990లో దేశమంతా మండల్ మీద రిజర్వేషన్ వ్యతిరేకులు వీధుల్లోకి వచ్చి ప్రతిభ చచ్చిపోతున్నదని గుండెలు బాదుకున్నారు. ఆ లెక్కన ఎస్సీ కేటగిరీ మొదటి ర్యాంకు ప్రతిభ కిందికి రాదు. మరి కాలేజీ ప్రకటనలో అదే ర్యాంకు అదే పిల్లవాడి ముఖంతో సహా ప్రతిభకు రుజువు ఎట్లా అయింది? ఫీజు రాబట్టే చోట పనికొచ్చిన ప్రతిభ, సీటు అడిగే చోట ఎందుకు పనికిరాలేదు? దళిత విద్యార్థి ర్యాంకు కావాలి, కాని అది దళితుడి ర్యాంకు అని తెలియకూడదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. విద్యార్థి అనుమతి లేకుండా పేరు, ఫొటో వాడకూడదనీ, ఏ కోర్సు చదివాడో చెప్పాలనీ అంది. ఇది కొనేవాడిని కాపాడే నియమం. ప్రకటనలో సరుకైపోయిన విద్యార్థి కులాన్ని దాచి వాడుకోవడం గురించి ఆలోచించాల్సింది మనమే.

పెట్టుబడికి ప్రెజెంటేషన్, పల్లెకు పార

రాంనగర్ నుంచి నగరం పడమటి కొసకు పోదాం. 1998 నవంబరులో హైటెక్ సిటీ సైబర్ టవర్స్ తెరిచారు. 1999 జనవరిలో మెకిన్సీ సాయంతో తయారైన విజన్ 2020 వచ్చింది. 2000 మార్చిలో క్లింటన్ వచ్చి వెళ్లాడు. ఆ ఏళ్లలో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం చేసిన పనిని ప్రజా సంబంధాల విద్యార్థులు ఇవాళ్టికీ పాఠంగా చదువుకోవచ్చు. విదేశీ కంపెనీకి కంప్యూటర్ తెర మీద ప్రెజెంటేషన్. అదే ప్రభుత్వం 1997 జనవరిలో పల్లెలకు తెచ్చింది జన్మభూమి, దాంట్లో శ్రమదానం. ఒకే రాష్ట్రం, రెండు కొలతల సందేశం. కంపెనీకి రాయితీలు, వాడకు పార.

శ్రమదానం అన్న మాట అగ్రకులాల చెవికి త్యాగంలా వినబడవచ్చు. వెట్టి చేసి చేసి వీపులు వంగిన కులాల చెవికి అది ఎట్లా వినబడుతుందో ఆ సందేశం రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. కూలి లేకుండా ఊరి కోసం పనిచేయడం మాల మాదిగలకు ఎవరో కొత్తగా నేర్పాల్సిన పాఠం కాదు. దాని నుంచి బయటపడటానికే వాళ్లు రెండు తరాలు పోరాడారు.

ఐటీకి చూపే నగరం శుభ్రంగా ఉండాలి. అందుకని క్లింటన్ వచ్చినప్పుడు బిచ్చగాళ్లను రోడ్ల మీది నుంచి తొలగించారు. 2017 నవంబరులో ప్రపంచ వ్యాపారవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు పోలీసులు ఏకంగా రెండు నెలల పాటు నగరంలో భిక్షాటన నిషేధించారు. పదిహేడేళ్ల తేడా, పార్టీ మారింది, రాష్ట్రమే మారింది, కొలత మారలేదు. అతిథికి కనబడకూడని మనుషుల జాబితా ఉన్నది. తెల్లారకముందే ఆ రోడ్లు ఊడ్చిన సఫాయి కార్మికులు, వాళ్లలో అత్యధికులు దళిత స్త్రీలు, ఆ 'శుభ్రమైన నగరం' బొమ్మలో ఎక్కడా కనబడరు.

వార్డెన్ సంతకం

మందుల పరిశ్రమ దగ్గరికొస్తే విషయం మరీ తీవ్రం. 1999లో జీనోమ్ వ్యాలీ, ఆ తర్వాత ఏటేటా బయో ఏషియా సదస్సులు, ఇవన్నీ పరిశోధన, ప్రాణరక్షణ అనే భాషలో సాగుతాయి. మంచిదే. కాని ఆ పరిశోధనలో తన ఒంటిని అప్పజెప్పే మనిషితో ఏ భాషలో మాట్లాడారు?

2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి, గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వాడే హెచ్‌పీవీ టీకాను పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లల మీద ప్రయోగాత్మకంగా వాడింది. సుమారు 14 వేల మంది. చాలామంది ఆదివాసీ, దళిత, వెనుకబడిన కులాల పిల్లలు, ఎందరో ప్రభుత్వ హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దీన్ని ఆపించింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని, 1,948 మీద వేలిముద్రలున్నాయని అందులో ఉంది. ప్రభుత్వ ఆరోగ్య మిషన్ గుర్తు ఆ కార్యక్రమం కాగితాల మీద వాడటాన్నీ తప్పు పట్టారు.

ఆ కాలంలో కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. టీకా మంచిచెడ్డలు ఇక్కడ మా చర్చ కాదు. ఆ టీకాను ప్రపంచంలో ఎన్నో దేశాలు వాడుతున్నాయి. మా చర్చ సందేశం గురించి. నగరంలో తల్లికి డాక్టర్ ఎదురుగా కూర్చుని లాభనష్టాలు చెబుతాడు. ఏజెన్సీ తల్లి దగ్గరకొచ్చేసరికి సర్కారు గుర్తు చూపిస్తే చాలనుకున్నారు, ఆమె బదులు వార్డెన్‌ను అడిగితే చాలనుకున్నారు. సందేశాన్ని వినేవాడికి తగ్గట్టు కత్తిరించడమంటే ఇక్కడ వినేవాడినే కత్తిరించేయడం అయింది.

'ప్రజ కాని ప్రజ'

ఈ వృత్తి సిద్ధాంతకారుల పట్ల అన్యాయంగా మాట్లాడటం మా ఉద్దేశం కాదు. జేమ్స్ గ్రూనిగ్, టాడ్ హంట్ 1984లో రాసిన పుస్తకంలో ప్రజా సంబంధాలకు నాలుగు నమూనాలు చెప్పారు. హోరెత్తించే ప్రచారం మొదటిది. నాలుగోది, వాళ్ల దృష్టిలో మేలైంది, రెండు వైపులా సమానంగా మాట సాగేది. సంస్థ జనాన్ని మార్చడంతో పాటు జనం మాట విని తానూ మారాలి. కాగితం మీద ఇంతకన్నా ప్రజాస్వామికమైన మాట ఉండదు.

కాని అదే ఆలోచనలో జనాన్ని విడగొట్టిన తీరు చూడండి. సమస్యను గుర్తించి పోరాడే ప్రజ, గుర్తించినా కదలని ప్రజ, సమస్య ఉన్నా గుర్తించని ప్రజ, ఇవి మూడు. నాలుగోది 'నాన్‌పబ్లిక్', అంటే ప్రజ కాని ప్రజ. సంస్థ ప్రభావం వీళ్ల మీద లేదు, వీళ్ల ప్రభావం సంస్థ మీద లేదు కాబట్టి వీళ్లతో మాట్లాడాల్సిన పని లేదు. నిర్వచనం ప్రకారం సరే. ఆచరణలో మాత్రం సంస్థ ప్రభావం అందరికన్నా ఎక్కువ ఎవరి మీద పడుతుందో వాళ్లనే ఈ నాలుగో గదిలోకి తోస్తున్నారు. భోలక్‌పూర్ నీళ్లు తాగినవాడి మీద తోలు వ్యాపారపు ప్రభావం లేదా? వార్డెన్ సంతకంతో సూది వేయించుకున్న పిల్ల మీద మందుల పరిశ్రమ ప్రభావం లేదా? ఉంది. వాళ్ల ప్రభావం సంస్థ మీద లేదు, అంతే. సిద్ధాంతం రెండు షరతులు పెడితే ఆచరణ ఒక్కదాన్నే చూస్తున్నది. సిద్ధాంతకారులకు కులం తెలియదు కాబట్టి ఈ ఖాళీ వాళ్లకు కనబడలేదు. ఇక్కడ దాన్ని అనువదించి పాఠం చెప్పేవాళ్లకు కులం తెలుసు. వాళ్లకు కనబడకపోవడం అమాయకత్వం కాదు.

డప్పు ఎవరిది, మాట ఎవరిది

ఈ నేల మీద ప్రజా సంబంధాల వృత్తి కోట్లు టైలు వేసుకుని రాలేదు. అది డప్పుతో మొదలైంది. పన్ను కట్టాలన్నా, చెరువు తూము ఎత్తాలన్నా, దొర వస్తున్నాడన్నా, ఊరంతా తిరిగి దండోరా వేసింది మాదిగ. చావు కబురు మోసుకుని రాత్రికి రాత్రి పక్క ఊళ్లకు నడిచింది మాల మాదిగలే. మహారాష్ట్రలో మహర్ల మీద ఇదే రకం చాకిరీ ఉంటే, ఆ వతన్ నుంచి వాళ్లను విడిపించడానికి అంబేడ్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు. ఊరందరికీ మాట చేరవేసే పని చేసినవాడికి ఆ మాట మీద హక్కు లేదు. ఏం చెప్పాలో పటేలు, పట్వారీ చెబుతారు. ఎందుకని అడిగే వీలు డప్పు కొట్టేవాడికి లేదు.

ఇది పాత కథ అనుకునేవాళ్లు చట్టం పుస్తకాలు తెరిచి చూడాలి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆస్తి జప్తును డప్పు కొట్టి చాటాలని ఇప్పటికీ ఉంది. పరిశ్రమలకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న నియమం 1997లో వచ్చింది. దాన్ని మార్చి రాసిన 2006 నోటిఫికేషన్‌లో, పత్రికలు చేరని చోట డప్పు కొట్టి, రేడియోలో, టీవీలో చెప్పి జనానికి తెలియజేయాలని రాసి ఉంది. అంటే ఒక పరిశ్రమ ఒక వాడ దగ్గరికి రావాల్సిన ఒకే ఒక్క చట్టబద్ధమైన సందర్భంలో మళ్లీ ఆ డప్పే దిక్కైంది. పూర్తి నివేదిక వందల పేజీల ఇంగ్లీషులో తయారవుతుంది. స్థానిక భాషలో ఇవ్వాల్సింది దాని సారాంశం మాత్రమే. అసైన్డ్ పట్టా మీద రెండెకరాలు దున్నుకునే దళితుడు తన భూమి మీద రాబోయే ఫ్యాక్టరీ గురించి సారాంశంతో సరిపెట్టుకోవాలి.

ఇట్లాంటి సభలు చివరికి ఎట్లా తయారయ్యాయో 2024 నవంబరులో వికారాబాద్ జిల్లా లగచర్లలో చూశాం. ఫార్మా కోసం భూసేకరణ మీద అభిప్రాయాలు అడగడానికి కలెక్టర్ వెళ్లినప్పుడు గొడవ జరిగింది. కేసులు పెట్టారు, లంబాడీ రైతులతో సహా ఎందరినో జైలుకు పంపారు. ఆ నెలాఖరులోనే ఆ భూసేకరణ ప్రకటనను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకోగలిగిన దాన్ని ముందే కూర్చుని మాట్లాడి ఉండొచ్చు గదా అన్నది మా ప్రశ్న. జనం గొంతెత్తిన తర్వాతే వాళ్లు 'ప్రజ' కిందికి వస్తున్నారు.

మన చాటింపు

దళితులకు ప్రజా సంబంధాలు తెలియవని ఎవరూ అనుకోనక్కరలేదు. 1906లో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా బస్తీ బస్తీకి వెళ్లాడు. చదువు రాని జనానికి చదువు గురించి చెప్పాలంటే కరపత్రం కన్నా కథ మేలని ఆయనకు తెలుసు. చదువుకున్నవాళ్లు కొంత తయారైనాక 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చాడు. వినేవాడికి తగ్గట్టు మాట కత్తిరించడం ఇదే గదా. తేడా ఏమంటే, ఆయన కొలత తీసింది వినేవాడి అవసరానికి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ ఉద్యమం తన పేరే దండోరా అని చెప్పుకుంది. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఊరి మాట మోసిన డప్పును తమ మాట చెప్పడానికి తిప్పుకోవడం తెలుగు నేల మీద జరిగిన గొప్ప మలుపు అని ఒప్పుకోవాలి.

దళిత పారిశ్రామికవేత్తలు వస్తే ఇదంతా మారుతుందని ఒక వాదన ఉంది. 2005లో దళిత వాణిజ్య మండలి డిక్కీ ఏర్పడింది. తెలంగాణ ప్రభుత్వం 2014లో దళిత, ఆదివాసీ పారిశ్రామికవేత్తలకు టీ-ప్రైడ్ రాయితీలు తెచ్చింది. మేం దీన్ని తక్కువ చేయడం లేదు. దళితుడు యజమాని కావాలి. కాని యజమాని అయినవాడికి మాత్రమే మాట దక్కుతుందనే పద్ధతిని ఒప్పుకుంటే, యజమాని కాని లక్షలాది మంది మళ్లీ నాలుగో గదిలోనే మిగులుతారు.

అందుకని మేం కొన్ని సాదా విషయాలు అడుగుతున్నాం. పరిశ్రమ మీద జరిపే అభిప్రాయ సేకరణ సభ వాడలో జరగాలి, పూర్తి నివేదిక తెలుగులో ఉండాలి, దాన్ని చదివి వినిపించే మనిషిని వాడవాళ్లే ఎంచుకోవాలి, అతనికి జీతం ఇవ్వాలి. దండోరా వేయించుకుంటే అది ఏ కులానికీ కట్టిపెట్టని, కూలి ముందే ఇచ్చే పనిగా ఉండాలి. పిల్లల మీద ఏ ప్రయోగానికైనా తల్లిదండ్రుల ఎదుట, వాళ్ల భాషలో మాట్లాడకుండా ఎవరి సంతకమూ చెల్లకూడదు. కేటగిరీ ర్యాంకును వాడుకునే కాలేజీ దాన్ని సిగ్గుపడకుండా పెద్దక్షరాల్లో కేటగిరీ ర్యాంకు అనే రాయాలి. విశ్వవిద్యాలయాల్లో ప్రజా సంబంధాల పాఠం చెప్పేచోట కులం ఒక అధ్యాయంగా ఉండాలి.

చివరిగా మా గురించి కూడా ఒక మాట. పరిశోధకులం మేం నడుపుకునే ఈ పత్రిక భోలక్‌పూర్ గోదాములో తోలుకు ఉప్పు పట్టే మనిషి చేతికి పోవడం లేదు. ఆయన గురించి రాశాం, ఆయనతో మాట్లాడింది తక్కువ. కంపెనీలను అడిగిన ప్రశ్నే మమ్మల్నీ అడగాలి. భాగ్యరెడ్డి వర్మ హరికథ ఎందుకు ఎంచుకున్నాడో మేం ఇంకా పూర్తిగా నేర్చుకోలేదు. ఈ వ్యాసం చదివిన మిత్రులు తమ తమ బస్తీల్లో దీన్ని నోటితో చెప్పి, వాళ్లేమన్నారో మాకు రాయాలని కోరుతున్నాం. ఆ జవాబులే వచ్చే సంచికలో ఈ చర్చకు మొదటి పేజీ కావాలి.